కంప్యూటర్ అప్‌డేట్ విఫలమైనచో చేయవలసిన పనులు

మన నేతపనివారి ఇండ్లలో నేడు మగ్గము ప్రక్కన కంప్యూటరుకు కూడ చోటు దొరికినది. జాకార్డు డిజైన్లు, నూలు లెక్కలు, జి.ఎస్.టి. బిల్లులు అన్నియు అందులోనే ఉన్నవి. అట్టి యంత్రములో విండోస్ అప్‌డేట్ సగములో ఆగిపోయినచో ఇంటిల్లిపాదికి గుండె జారును. వెంటనే దుకాణమునకు మోసికొనిపోవుట, అచ్చట ఫార్మాట్ చేయుట, ఏండ్ల తరబడి గీసిన డిజైన్లు తుడిచిపెట్టుకొని పోవుట జరుగుచున్నది. పడుగులో పోగు తెగిన అతుకు వేసికొందుము గాని పడుగంతయు కోసి పారవేయము గదా. ఈ యంత్రమునకును అదే పద్ధతి పాటింపవలెనని మా మనవి.

మొదట కావలసినది ఓపిక. తెరమీద శాతము అంకె గంటసేపు కదలకున్నను, డిస్కు దీపము మినుకుమనుచున్నంత వరకు లోపల పని జరుగుచున్నదనియే తలచవలెను. ఆ సమయమున కరెంటు తీసివేయుట పెద్ద కీడు. కరెంటు కోతలున్న ఊళ్లలో యు.పి.ఎస్. లేనిదే అప్‌డేట్ మొదలుపెట్టరాదు. మార్పులు రద్దగుచున్నవను మాట తెరపై కనబడినను భయపడనక్కరలేదు. విండోస్ తన పూర్వ స్థితికి తానే మరలుచున్నదని దాని అర్థము.

యంత్రము లేచిన పిదప లోపసంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను. తరువాత డిస్కులో ఖాళీ చూడవలెను. చోటు చాలకపోవుట తరచుగా కనబడు కారణము. 20 గిగాబైట్లయినను ఖాళీ ఉంచుట మేలు. ప్రింటరు, పెన్‌డ్రైవు తీసివేసి, తేదీ, సమయము సరిచూచి, రీస్టార్ట్ చేసి మరల ప్రయత్నింపవలెను. పెక్కు చిక్కులు ఇంతతోనే విడిపోవును.

విడనిచో, సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూట్ అను చోట విండోస్ అప్‌డేట్‌కు ప్రత్యేకమైన పరీక్ష కలదు. దానికిని లొంగనిచో, దించుకొన్న ఫైళ్లు చెడియుండవచ్చును. అవి విండోస్ ఫోల్డరులో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అను పేరుతో నున్న ఫోల్డరులో నుండును. అప్‌డేట్ సర్వీసును ఆపి, ఆ ఫోల్డరు పేరు మార్చి, రీస్టార్ట్ చేసినచో విండోస్ ఫైళ్లను క్రొత్తగా తెచ్చుకొనును. సిస్టమ్ ఫైళ్లే చెడినచో, డిస్మ్, ఎస్.ఎఫ్.సి. అను మరమ్మతు ఆజ్ఞలను వరుసగా తెలిసినవారిచేత నడిపింపవలెను.

అసలు విండోస్ లేవనే లేవనిచో, రెండు మూడు పర్యాయములు విఫలమైన పిదప మరమ్మతు తెర దానంతట అదే వచ్చును. ఇటీవలి అప్‌డేట్‌ను తీసివేయు మార్గము అందులో కలదు. అప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ తాళపు సంఖ్య అడుగవచ్చును. 2024 జూలై అప్‌డేట్ పిదప కొన్ని యంత్రములు ఇట్లే అడిగినవి. డిస్కుకు ఆ తాళము పడియుండి సంఖ్య లేనిచో, అందులోని డిజైన్లు ఎవరికిని దక్కవు. యంత్రము బాగుగా ఉన్ననాడే మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ సంఖ్యను వెదకి, ఇంటి దస్తావేజులతోపాటు వ్రాసి ఉంచవలెను.

ప్రతిసారి తప్పు వాడువారిదే కాదు. 2018 అక్టోబరు అప్‌డేట్‌లో కొందరి ఫైళ్లు మాయమైనందున మైక్రోసాఫ్ట్ దానిని నిలిపి, సరిచేసి, నవంబరులో మరల విడుదల చేసినది. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్, రికవరీ భాగములో 250 మెగాబైట్ల ఖాళీ లేని యంత్రములలో విఫలమైనది. ఆ విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రము విండోస్ 11ను అంగీకరింపనిచో, అది చెడినదని తలచి అమ్మివేయరాదు. టి.పి.ఎమ్. 2.0 అను భాగము లేకపోవుట ఒక కారణము. కొన్నిటిలో అది ఉండియు ఆపివేయబడి యుండును. ముందు దానిని చూపించుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యము నకలు. డిజైన్లకు, లెక్కలకు రెండు నకళ్లు వేర్వేరు చోట్ల ఉంచి, పిదపనే అప్‌డేట్‌కు అనుమతి ఇయ్యవలెను. విండోస్ లేవకున్నను, డిస్కు బాగుగా ఉన్నచో దానిని వేరొక యంత్రమునకు తగిలించి నకలు తీయవచ్చును. కావున దుకాణమునకు ఇచ్చునపుడు "ముందు నకలు, పిదప ఫార్మాట్" అని చీటీ వ్రాసి యంత్రముపై అంటించి ఇయ్యవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.