భూమి పోవునప్పుడు పరిహారము: అడుగవలసిన తీరు

జహీరాబాదు పేరు చెప్పగానే ఎర్రనేలలు, చెరకు తోటలు, అల్లపు మడులు జ్ఞప్తికి వచ్చును. కొన్నేండ్లుగా ఆ పేరుతో పాటు మరియొక మాట వినబడుచున్నది. అది ‘నిమ్జ్’, అనగా జాతీయ పెట్టుబడుల, వస్తూత్పత్తి ప్రాంతము. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలోని 17 గ్రామములలో సుమారు 12,635 ఎకరములపై దీనిని నెలకొల్ప సంకల్పించిరి. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వము దీనికి తుది ఆమోదము నిచ్చినది. 2024 ఆగస్టులో జహీరాబాదు వద్ద 3,245 ఎకరముల పారిశ్రామిక నగరమునకు కేంద్ర మంత్రివర్గము సమ్మతించినది.

పరిశ్రమలు రావలెనా, వలదా అను వాదము నేటి విషయము కాదు. భూమి పోవు రైతునకును, ఆ భూమిపై కూలి చేసి బ్రదుకువానికిని చట్టమిచ్చు సొమ్మెంత, దానిని తక్కువ కాకుండ రాబట్టుకొనుట యెట్లు అనునదే నేటి విషయము. తరతరముల భూమికి వచ్చు వెల ఒక్కసారి మాత్రమే చేతికి వచ్చును. అందు పొరపాటు జరిగినచో మరల దిద్దుకొను అవకాశము అరుదు.

ఈ విషయమున ముఖ్యమైనది 2013 నాటి భూసేకరణ చట్టము. ఇది 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. భూమి మార్కెట్టు విలువ కట్టుటకు ఈ చట్టము మూడు కొలతలు చెప్పినది. మొదటిది రిజిస్ట్రేషను కొరకు ప్రభుత్వము నిర్ణయించిన విలువ. రెండవది ఆ గ్రామమునగాని, సమీప గ్రామమునగాని అటువంటి భూమికి గడచిన మూడు సంవత్సరములలో జరిగిన విక్రయముల సగటు. మూడవది కొన్ని రకముల ప్రాజెక్టులలో ఒప్పుకొన్న ధర. ఈ మూటిలో ఏది హెచ్చో దానినే గ్రహింపవలెను. రెండవ కొలతలో అన్ని దస్తావేజుల సగటు కాదు, హెచ్చు ధర పలికిన సగము దస్తావేజుల సగటు మాత్రమే లెక్కకు వచ్చును.

అట్లు తేలిన విలువను గ్రామప్రాంతములలో 1 నుండి 2 వరకు గల గుణకముతో హెచ్చింతురు. దానికి చెట్లు, బావులు, కట్టడముల విలువ చేర్చుదురు. ఆ మొత్తమునకు నూటికి నూరు వంతున సొలేషియము, అనగా నిర్బంధముగ భూమి తీసికొన్నందులకు ఇచ్చు ఊరట సొమ్ము, కలుపుదురు. ఇవిగాక, సామాజిక ప్రభావ అధ్యయన ప్రకటన వెలువడిన నాటినుండి అవార్డు తేదీ వరకుగాని, భూమి స్వాధీనమగు వరకుగాని, ఏది ముందైన అంతవరకు మార్కెట్టు విలువపై సాలుకు నూటికి 12 వంతున అదనపు సొమ్ము రావలెను.

లెక్క తెలియుటకై ఊహించిన ధరలతో ఒక ఉదాహరణము చూతము. ఎకరము మార్కెట్టు విలువ 4 లక్షల రూపాయలనుకొందము. గుణకము ఒకటిన్నర యైనచో 6 లక్షలగును. బావికి, చెట్లకు 1 లక్ష చేర్చినచో 7 లక్షలు. సొలేషియముతో 14 లక్షలు. ఇందు గమనింపవలసినదొకటి కలదు. బావి విలువ 50 వేలు తగ్గించి వ్రాసినచో రైతు నష్టపోవునది 50 వేలు కాదు, లక్ష రూపాయలు. నేల విలువ 1 లక్ష తగ్గినచో నష్టము 3 లక్షలు. మొదట జరిగిన చిన్న తగ్గింపు తుదకు ఇన్ని రెట్లగును. కావున శ్రద్ధ యంతయు మొదటి దశలోనే చూపవలెను.

మన పల్లెలలో స్టాంపు ఖర్చు మిగులునని భూమి ధరను తగ్గించి దస్తావేజు వ్రాయించుకొను అలవాటు కలదు. ఆనాడు మిగిలిన వేలు భూసేకరణ నాడు లక్షలుగ చేజారును. ఏలయన ఆ దస్తావేజులే ఊరి ధరకు సాక్ష్యములగును. అయినను నిరాశ చెందనక్కరలేదు. నిజమైన ధర వ్రాసిన దస్తావేజు లెక్కడెక్కడ ఉన్నవో సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున విచారించి, నకళ్లు తీసికొని, వాటిని అధికారి ముందుంచవలెను. ఇది ఒక్కరు చేయుటకంటె ఊరివారందరు కలిసి చేసినచో ఖర్చు తగ్గును, బలము పెరుగును.

చెట్లు, బావులు, బోర్లు, పశువుల కొట్టములు లెక్కించుటకు అధికారులు పంచనామా చేయుదురు. ఆ దినమున రైతు తప్పక పొలమున నుండవలెను. మామిడి చెట్ల సంఖ్య, వాటి వయస్సు, కాపు వ్రాయించవలెను. నేలలో నిలిచియున్న పంటను మరువరాదు. చదువక సంతకము చేయరాదు. చదువు రానివారు ఇతరులచే చదివించుకొన వలెను. పంచనామా నకలు అడిగి తీసికొనవలెను. అంతకుముందే పట్టాదారు పాసు పుస్తకము, పాత పహాణీలు, సర్వే నంబరు, విస్తీర్ణము సరిచూచుకొనవలెను. తండ్రి గతించినను పట్టా ఆయన పేరనే ఉన్నచో వారసుల పేర్లు వెంటనే ఎక్కించుకొనవలెను. అన్నదమ్ముల తగవు తెగనిచో సొమ్ము అధికార సంస్థ వద్దనే నిలిచిపోవును.

ప్రాథమిక ప్రకటన వెలువడిన పిమ్మట అభ్యంతరములు తెలుపుటకు 60 దినముల గడువు కలదు. అవార్డు వచ్చిన పిమ్మట సొమ్ము చాలదని తోచినచో, అవార్డు నాడు హాజరైనవారు 6 వారములలోపల కలెక్టరునకు దరఖాస్తు పెట్టి, విషయమును భూసేకరణ అధికార సంస్థకు పంపుమని కోరవలెను. హాజరు కానివారికి నోటీసు అందిన నాటినుండి 6 వారములు, లేదా అవార్డు నాటినుండి 6 మాసములు, ఏది ముందు ముగియునో అది గడువు.

ఇక్కడ మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన విషయమొకటి కలదు. అభ్యంతరము తెలుపక సొమ్ము పుచ్చుకొన్నవానికి హెచ్చు పరిహారము అడుగు హక్కు ఉండదు. సొమ్ము వదలుకొన నక్కరలేదు. రసీదుపై ‘అభ్యంతరముతో స్వీకరించుచున్నాను’ అని వ్రాసి సంతకము చేసిన చాలును. ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని సమ్మతితో భూమి ఇచ్చినవారికి మాత్రము ఈ దారి మూసికొనిపోవును. కావున సమ్మతి పత్రముపై సంతకము చేయుటకు ముందే పై లెక్క వేసి చూచుకొనవలెను.

పొరుగు రైతు పోరాడి హెచ్చు సొమ్ము సాధించినచో, అదే ప్రకటన క్రింద భూమి పోయి, తాను దరఖాస్తు పెట్టని రైతు కూడ ఆ నిర్ణయము వెలువడిన 3 మాసములలోపల తనకును ఆ రేటు ఇమ్మని కోరవచ్చును. ఈ సంగతి తెలియక ఊరకున్నవారు నష్టపోవుదురు.

భూమి లేనివారి సంగతి వేరు. 2015 జులైలో రాష్ట్ర ప్రభుత్వము 123వ ఉత్తరువు ద్వారా భూములను నేరుగ కొనసాగినప్పుడు, ఈ ప్రాంతపు వ్యవసాయ కూలీలు తమ బ్రదుకు మాటేమని హైకోర్టు నాశ్రయించిరి. 2016 ఆగస్టులో ఏకసభ్య న్యాయపీఠము ఆ ఉత్తరువును కొట్టివేసినది. ప్రభుత్వము అప్పీలునకు పోయినది. ఆ వాదముల నడుమనే కూలీల కొరకు ప్రత్యేక ఉత్తరువులు వెలువడినవి. చట్టము ప్రకారము సేకరణకు ముందు మూడు సంవత్సరములు ఆ భూమిపై ఆధారపడి బ్రదికిన కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు కూడ బాధిత కుటుంబమే. అట్టి కుటుంబమునకు ఉద్యోగము, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా 20 సంవత్సరములు నెలకు 2,000కు తగ్గని భృతి చట్టము చూపినది. అయితే పునరావాస సర్వే జాబితాలో పేరు ఉండవలెను. గ్రామసభలో జాబితా చదువునప్పుడు హాజరై, పేరు లేనిచో లిఖితముగ అడుగవలెను.

అసైన్డు భూమికి పరిహారము లేదని కొందరు భయపెట్టుదురు. 2004లో మేకల పాండు వ్యాజ్యమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనము, అసైనీలకును పట్టాదారులతో సమానముగ మార్కెట్టు విలువ, సొలేషియము చెల్లవలెనని తీర్పు చెప్పినది. ఆ భయముతో అగ్గువకు అమ్ముకొనరాదు.

వచ్చిన దానిలో ఇంత వాటా ఇమ్మని వెంటబడు దళారులను దరి చేరనీయరాదు. ఫలితములో వాటా అడుగుట న్యాయవాదులకును వారి వృత్తి నియమములు నిషేధించినవి. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్వల్పాదాయము గలవారికి 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము దొరకును. టెలిఫోను సంఖ్య 15100.

అడుగనిదే అమ్మయినను పెట్టదని మన పెద్దల మాట. అడుగుటకును వేళ ఉన్నది, విధమున్నది. నోటీసు వచ్చువరకు ఆగక, నేడే పెట్టె తెరచి, పట్టా ఎవరి పేర నున్నదో, ఎన్ని గుంటలున్నవో చూచుకొనుడు.