మిద్దె గదిలో మిల్లీసెకన్ల పందెం

రాయలసీమలో బండలాగుడు పందెం చూసినవాళ్లకు ఆ లెక్క తెలుసు. సమయం ముందే ఖాయం. ఆ గడువులో ఎద్దుల జత బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే గెలుపు తేలుస్తుంది. టేపు పట్టి కొలిచేటప్పుడే అందరూ ముందుకు తోసుకొస్తారు, గడియారం గొడవ తక్కువ. బొమ్మకార్ల పందెంలో ఈ లెక్క తిరగబడుతుంది. దూరం ఖాయం, కొలవాల్సింది కాలం. అందుకే తగాదాలన్నీ గడియారం దగ్గరే.

ఇంట్లో వేసుకునే స్లాట్‌కార్ ట్రాక్ సంగతి ఇది. 1957లో ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ స్కేలెక్‌స్ట్రిక్ పేరుతో మొదలుపెట్టాక దేశదేశాలకూ పాకిన ఆట. ప్లాస్టిక్ రోడ్డు మధ్యలో ఒక గాడి, దానికి అటూ ఇటూ రెండు లోహపు పట్టాలు. కారు అడుగున ఉండే చిన్న నాలుక గాడిలోకి దిగి దారి తప్పకుండా చూస్తుంది. దాని పక్కనున్న రాగి జడలు పట్టాలను రాసుకుంటూ కరెంటు తీసుకుంటాయి. చేతిలోని ట్రిగ్గర్ ఎంత నొక్కితే కారుకు అంత ఊపు. స్టీరింగ్ ఉండదు. మలుపులో వేలు ఎప్పుడు సడలించాలో తెలియడమే విద్య.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్‌లు రావడం మొదలయ్యాక అనంతపురం సీమకు కార్ల ముచ్చట కొత్త కాదు. పైగా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పిల్లలను బయటికి పంపలేని ఊరు. మిద్దె మీద ఓ గది, నాలుగు బల్లలు ఉంటే ట్రాక్ వేసుకోవచ్చు. చిక్కల్లా ఆ తర్వాతే. ఇద్దరు పిల్లలు, రెండు కార్లు, గీత దాటింది ముందు ఎవరు? అమ్మను పిలుస్తారు. అమ్మ చూసి ఉండదు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కితే సరిపోదా అంటే, పోదు. కన్ను చూడటానికీ వేలు నొక్కడానికీ మధ్య దాదాపు 0.2 సెకన్లు జారిపోతాయి. అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల పరుగుకు చేతి గడియారంతో తీసిన సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే 0.24 సెకన్లు కలుపుతారు. ట్రాక్ మీద కారు సెకనుకు 3 మీటర్లు పోతుందనుకుంటే, ఆ 0.2 సెకన్లలో 60 సెంటీమీటర్లు దాటిపోతుంది. అంటే నాలుగు కార్ల పొడవుకు పైనే. 1997లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో ఫార్ములా వన్ క్వాలిఫయింగ్‌లో విల్నెవ్, షూమాకర్, ఫ్రెంట్జెన్ ముగ్గురికీ ఒకే సమయం వచ్చింది: 1 నిమిషం 21.072 సెకన్లు. వెయ్యో వంతు వరకు కొలిచినా తేలక, ఆ సమయం ముందు సాధించిన విల్నెవ్‌కు తొలి స్థానం ఇచ్చారు. ఇంట్లో అంత దూరం పోనక్కర్లేదు గానీ, వెయ్యో వంతు వరకు కొలవడం మాత్రం కొన్ని చిల్లర విడిభాగాలతో అయ్యే పని.

పెద్ద పందేల్లో కారుకు ట్రాన్స్‌పాండర్ ఉంటుంది. ట్రాక్ కింద పాతిన తీగచుట్ట దాని గుర్తును పట్టుకుంటుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ పందెంలో జాన్ ఎరిక్ వెర్న్ అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. అంత పోటీలో కంటితో తేల్చే పని ఎవరు పెట్టుకుంటారు? ఇంటి ట్రాక్‌లో ఒక్కో గాడిలో ఒక్కటే కారు కాబట్టి అది ఎవరిదని కనుక్కునే గొడవే లేదు. గీత దగ్గర పైన చిన్న వంతెన, దానికి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, కింద గాడి పక్కన చిన్న రంధ్రంలో ఫోటోట్రాన్సిస్టర్. కారు వెళ్తూ కాంతిని అడ్డుకుంటే వోల్టేజీ మారుతుంది. ఎల్‌ఈడీకి 5 వోల్టుల మీద 220 ఓమ్‌ల రెసిస్టర్, ట్రాన్సిస్టర్‌కు 10 కిలో ఓమ్‌లది. అంతే సర్క్యూట్.

పుస్తకంలో ఇది పనిచేస్తుంది. అనంతపురంలో పనిచేయాలంటే ఎండతో ఒప్పందం కుదుర్చుకోవాలి. సూర్యకాంతిలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా సెన్సర్ మీద పడితే, కారు అడ్డం వచ్చినా దానికి చీకటి కాదు, ల్యాప్ లెక్కలోకి రాదు. టీవీ రిమోట్లలో వాడే 38 కిలోహెర్ట్జ్ రిసీవర్ పెడదామని కొందరికి తోస్తుంది. ఎండను అది పట్టించుకోని మాట నిజమే కానీ, వాటిలో చాలావరకు తునకలు తునకలుగా వచ్చే సంకేతాల కోసం చేసినవి. ఆగకుండా వెలిగే కిరణాన్ని కాసేపటికి లెక్కచేయడం మానేస్తాయి. సెన్సర్‌ను వేలెడంత నల్లటి గొట్టంలో లోపలికి దించి, వంతెన వైపు మాత్రమే చూసేలా పెట్టడం మేలు. గీతను కిటికీకి దూరంగా గీయడం ఇంకా మేలు, దానికి ఖర్చూ లేదు.

తర్వాతి శత్రువు దుమ్ము. ఆషాఢం గాలికి ఎర్రదుమ్ము తలుపు సందుల్లోంచి వచ్చి రంధ్రంలో కూర్చుంటుంది. పట్టాల మీద చేరితే కారు తడబడి జడల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. ఆ రవ్వల నుంచి, మోటారు బ్రష్‌ల నుంచి పుట్టే విద్యుత్ రొద సెన్సర్ తీగల్లోకి దూరితే కారు లేకుండానే ల్యాప్ పడుతుంది! అందుకే సెన్సర్ తీగలను మెలిపెట్టి, ట్రాక్ కరెంటు తీగలకు దూరంగా నడపాలి. మోటారు మీద 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయాలి. ట్రాక్‌కు ఒక అడాప్టర్, సెన్సర్ సర్క్యూట్‌కు వేరేది. పందెం మొదలుపెట్టే ముందు పొడిగుడ్డతో పట్టాలు తుడవడం నియమంగా పెట్టుకోండి.

ఇక కంప్యూటర్. ఒకప్పుడు సెన్సర్లను నేరుగా పాత పీసీ ప్రింటర్ పోర్టుకే కలిపేవారు. ఆ పోర్టులో లోపలికి సంకేతం తీసుకునే పిన్నులు ఐదు, కాబట్టి నాలుగు గాళ్ల ట్రాక్ హాయిగా సరిపోయేది. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు. అందరూ ఆర్డుయినో ఊనో లాంటి బోర్డు తెచ్చి యూఎస్‌బీతో కలుపుతున్నారు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బోర్డు ‘కారు వచ్చింది’ అని కబురు పంపుతుంది, సమయం మాత్రం కంప్యూటర్ చూసుకుంటుంది. విండోస్ లోపలి గడియారం మామూలుగా 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి కదులుతుంది. ఆ లోపు కారు నాలుగున్నర సెంటీమీటర్లు దాటేస్తుంది. సమయాన్ని బోర్డే పట్టాలి. దాని గడియారం 4 మైక్రోసెకన్ల మెట్లతో నడుస్తుంది. ల్యాప్ సమయాన్ని అక్కడే లెక్కకట్టి, అంకె మాత్రమే కంప్యూటర్‌కు పంపితే చాలు. పేర్లు, రంగులు, పట్టికలు, చప్పట్ల మోత మాత్రం దాని వంతు.

ప్రోగ్రాంలో మరచిపోకూడనిది ఇంకొకటుంది. కారు అడుగున ఖాళీలుంటే కిరణం రెండుసార్లు తెగి, ఒకే ల్యాప్ రెండవుతుంది. ఒకసారి పట్టాక సెకను సేపు సెన్సర్‌ను నమ్మొద్దని రాయండి. మీ ట్రాక్‌లో అతి తక్కువ ల్యాప్ సమయం కంటే అది తక్కువ ఉంటే చాలు.

ఊనోలో గడియారం నడిపేది సెరామిక్ రెజొనేటర్, క్రిస్టల్ కాదు. దాని తప్పు అర శాతం దాకా ఉండొచ్చు, అంటే పది నిమిషాలకు మూడు సెకన్లు. రెండు గాళ్లకూ గడియారం ఒకటే కాబట్టి మీ ఇంటి పందెంలో అన్యాయం జరగదు. పక్కవీధి ట్రాక్ రికార్డుతో పోల్చుకునేటప్పుడే తిప్పలు. అన్యాయం జరిగేది వేరే చోట, లోపలి గాడి పొడవు తక్కువ. ఎంత మంచి గడియారం పెట్టినా ఆ తేడా పోదు. అందుకే ఆడేవాళ్లందరూ అన్ని గాళ్లలోనూ సమానంగా తిరగాలి, మొత్తం ల్యాప్‌లు కూడి గెలుపు తేల్చాలి.

ఈ వేసవికి కట్టాలనుకునేవాళ్లు రెండు గాళ్లకూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ముందు ఒక్క సెన్సర్ కట్టి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రపు ఎండ, రాత్రి దీపం వెలుతురు, మూడింట్లోనూ వందేసి ల్యాప్‌లు నడిపి, చేత్తో రాసుకున్న లెక్కతో పోల్చండి. ఒక్క ల్యాప్ కూడా తప్పకపోతేనే రెండోదానికి సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి.