బ్యాటరీ ‘లాస్ట్ గీత’లో ఫోన్ మాట్లాడితే ప్రమాదమా? చూడాల్సిన గీత అది కాదు!

‘ఛార్జింగ్ చివరి గీత మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తొద్దు, రేడియేషన్ వెయ్యి రెట్లు పెరుగుతుంది’.. ఈ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. అందులో నిజం లేదు. కాకపోతే గీతలకూ రేడియేషన్‌కూ సంబంధం ఉన్న మాట వాస్తవమే. అది ఛార్జింగ్ గీత కాదు, సిగ్నల్ గీత! ఎందుకో తెలియాలంటే ఫోన్‌లోని ట్రాన్స్‌మిటర్ ఎలా పనిచేస్తుందో చూడాలి.

మీరు ‘హలో’ అనగానే మైక్ ఆ శబ్దాన్ని కరెంట్ సిగ్నల్‌గా మారుస్తుంది. ఫోన్ దాన్ని సెకనుకు వేల సార్లు కొలిచి (మామూలు కాల్‌లో 8 వేలు, హెచ్‌డీ వాయిస్‌లో 16 వేలు) 0, 1 అంకెలుగా మార్చుకుంటుంది. ఆ అంకెలు వాటంతట అవి గాల్లో వెళ్లలేవు. మోసుకెళ్లడానికి ఓ రేడియో తరంగం కావాలి. దాన్ని తయారు చేసేది ఆసిలేటర్ అనే సర్క్యూట్. 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అయితే సెకనుకు దాదాపు 180 కోట్ల ఊపులు! మిక్సర్ అనే మరో సర్క్యూట్ మీ మాటల్ని ఆ తరంగం మీదకు ఎక్కిస్తుంది.. బస్సు టాప్ మీద లగేజీ వేసినట్టు.

అయితే ఇప్పటికి ఆ సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. టవర్ దాకా చేరాలంటే బలం కావాలి. ఆ పని చేసేది పవర్ యాంప్లిఫైయర్. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఇది ఎప్పుడూ ఒకే పవర్‌తో పనిచేయదు. టవర్ నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలంగా ఉందో ఫోన్ కొలుచుకుంటుంది, దాన్ని బట్టి తన గొంతు ఎంత పెంచాలో అంచనా వేస్తుంది. పైగా టవర్ కూడా ‘కాస్త పెంచు’, ‘ఇక తగ్గించు’ అని ఆదేశాలు పంపుతూనే ఉంటుంది. ఎందుకంటే టవర్ పక్కనే ఉన్న ఫోన్ గట్టిగా అరిస్తే, దూరంగా ఉన్నవాళ్ల ఫోన్లు దానికి వినపడవు. పెళ్లిలో బ్యాండ్ మేళం పక్కన నిలబడి మాట్లాడితే ఎలా ఉంటుందో తెలుసు కదా, అలాగన్నమాట.

4జీ ఫోన్ మామూలుగా గరిష్ఠంగా పంపే పవర్ 200 మిల్లీవాట్లు. టవర్ దగ్గరగా ఉంటే 1 మిల్లీవాట్ కంటే చాలా తక్కువకు పడిపోవచ్చు. రూల్స్ ప్రకారం ఫోన్ 0.0001 మిల్లీవాట్ దాకా తగ్గగలగాలి. అంటే అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య తేడా 20 లక్షల రెట్లు! పాత 2జీలో గరిష్ఠ పవర్ ఇంకా ఎక్కువ, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 2 వాట్లు. కాల్ వచ్చే ముందు టీవీ స్పీకర్‌లో ‘డిడిడిక్.. డిడిడిక్’ అని వినపడేది గుర్తుందా? అది ఈ యాంప్లిఫైయర్ పుణ్యమే. సెకనుకు 217 సార్లు ఆన్, ఆఫ్ అయ్యేది మరి.

ఇప్పుడు శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద బస్సులో ఉన్నారనుకోండి. ఒకటే గీత. యాంప్లిఫైయర్ ఫుల్ పవర్‌కు దగ్గరగా పనిచేస్తుంది. బ్యాటరీ నుంచి అది లాగే పవర్‌లో సగం కూడా తరంగంగా బయటకు పోదు, మిగతాదంతా వేడే. ఫోన్ కాలిపోవడం, ఛార్జింగ్ జారిపోవడం అందుకే. సిగ్నల్ అసలే లేకపోతే టవర్ కోసం వెతుకుతూనే బ్యాటరీ తినేస్తుంది. అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఆ ఖర్చు తప్పుతుంది.

మరి ఛార్జింగ్ 5 శాతం ఉంటే? ఏమీ కాదు. యాంప్లిఫైయర్‌కు వెళ్లే కరెంట్‌ను వేరే సర్క్యూట్ కంట్రోల్ చేస్తుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా, ఖాళీ అవుతున్నా గరిష్ఠ పవర్ దాటదు.

రేడియేషన్ సంగతికొస్తే, మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి ఫోన్ల సార్ విలువ కిలోకు 1.6 వాట్లు దాటకూడదు. ఈ టెస్ట్ చేసేది ఫోన్‌ను గరిష్ఠ పవర్‌లో పెట్టే. కాబట్టి ఒక్క గీత ఉన్నా లిమిట్ లోపలే ఉంటుంది. అయినా తగ్గించుకోవాలనుకుంటే ఇయర్‌ఫోన్స్ లేదా స్పీకర్ వాడండి. ఫోన్ తలకు కాస్త దూరం జరిగినా ప్రభావం బాగా తగ్గుతుంది. మీ ఫోన్ సార్ విలువ ఎంతో చూడాలంటే డయల్ ప్యాడ్‌లో *#07# కొట్టండి. చాలా మోడళ్లలో వెంటనే స్క్రీన్ మీద కనిపిస్తుంది.