కుక్కపిల్ల కావాలని గోల చేస్తున్నారా? తెచ్చే ముందు ఒక్క వారం ఆగండి



పోయిన పీటీఎంలో మార్కుల సంగతి మాట్లాడటం అయ్యాక ముగ్గురు తల్లులు నన్ను దాదాపు ఒకే మాట అడిగారు. "మేడం, మా వాడు కుక్కపిల్ల కావాలని ఒకటే గోల. మీ ఇంట్లో ఉందట కదా, తెమ్మంటారా?" ఇందులో తప్పు కొంత నాదే. నాలుగో తరగతికి ఇంగ్లిష్ కాంపోజిషన్ చెబుతూ మా జిమ్మీ గురించి అవసరానికి మించి చెప్పేశాను. ఆ రోజు క్యూలో మిగతావాళ్లు వేచి ఉండటంతో సరిగ్గా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

జిమ్మీ హనుమకొండలో మా అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. ఎనిమిది కిలోల బరువు, గరుకు బొచ్చు, మూతి కింద చిన్న గడ్డం. ఏ జాతి అని అడిగితే పశువుల డాక్టరుగారు నవ్వి, "సగం టెర్రియర్, మిగతా సగం మన వీధిదే" అన్నారు. ఇలాంటి కలగలుపు చిన్న కుక్కలు అపార్ట్‌మెంట్‌లో కూడా ఇమిడిపోతాయి. అయితే కుక్క చిన్నదైతే పని కూడా చిన్నదే అనుకుంటే పొరపాటు.

నేను ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి ముందు ఆ పేరు సంగతి చెప్పనివ్వండి. లాటిన్‌లో 'టెర్రా' అంటే నేల. ఆ మాటే ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి టెర్రియర్ అయింది. బొరియల్లో దూరి ఎలుకల్ని, నక్కల్ని పట్టడానికి బ్రిటన్‌లో తరతరాలుగా పెంచిన కుక్కలివి. తవ్వడం, తరమడం, చిన్న చప్పుడుకే మొరగడం వాటి ఉద్యోగం. మనం ఆ ఉద్యోగం తీసేసి సోఫా మీద కూర్చోబెడితే అవి సొంతంగా పని వెతుక్కుంటాయి. జిమ్మీ వెతుక్కున్న పని మా అమ్మ కనకాంబరం కుండీలు తవ్వడం. రెండు నెలలు తిట్టాం, పేపర్ చుట్టి బెదిరించాం, ఏమీ మారలేదు. చివరికి నాన్న జామ చెట్టు కింద రెండు తట్టల ఇసుక పోసి, అందులో రబ్బరు బంతి దాచిపెట్టారు. ఇప్పుడు తవ్వకాలన్నీ అక్కడే. అప్పుడప్పుడు కనకాంబరాల జోలికి వెళ్తూనే ఉంటుంది, అది వేరే సంగతి. పెరడు లేనివాళ్లు పాత టవల్‌లో ఉడికిన చికెన్ ముక్కలు చుట్టి ఇంట్లో ఎక్కడైనా దాచండి. వాసన పట్టి వెతుక్కుంటుంది. పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున నడిపించండి. ఇవేవీ లేకుండా ఉంచితే లిఫ్ట్ తలుపు చప్పుడైన ప్రతిసారీ మొరుగుతుంది, పక్క ఫ్లాట్‌వాళ్లతో మాట పడేది మీరే.

మరి ఇదంతా ఎవరు చేయాలి? "అన్నీ నేనే చేస్తా మమ్మీ, ప్రామిస్" అని పిల్లలు అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అనుకుంటారు. కానీ ఇలాంటి చిన్న కుక్కలు సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. నాలుగో తరగతిలో తెచ్చిన పిల్ల మీ అబ్బాయి బీటెక్ అయ్యేదాకా మీ ఇంట్లో ఉంటుంది. ఈ మధ్యలో టెన్త్ ఉంది, ఇంటర్ ఉంది, హాస్టల్ ఉంది. ప్రతి సంక్రాంతికీ "మనం ఊరెళ్తే దీన్ని ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్న ఉంటుంది. నీళ్ల గిన్నె నింపడం, బ్రష్‌తో బొచ్చు దువ్వడం, బంతి విసరడం పిల్లలు చేయగలరు. కాస్త పెద్ద పిల్లలైతే మీరు పక్కన ఉండగా తాడు పట్టుకోవచ్చు. నులిపురుగుల మందు, టీకాల తేదీలు, రోడ్డు మీద అది చేసింది కవర్‌తో తీయడం మాత్రం పెద్దవాళ్ల పనే. ఇంట్లో పెద్దవాళ్లలో ఒక్కరికైనా కుక్క కావాలని లేకపోతే తేకండి. పిల్లల కోసమే అని తెచ్చిన కుక్క ఆరు నెలల్లో ఎవరిదీ కాకుండా పోతుంది.

తిండి విషయంలో మన ఇళ్లలో రెండు పొరపాట్లు. ఒకటి, రోజూ పెరుగన్నమే పెట్టడం. కుక్కకు మాంసకృత్తులు కావాలి. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్ లేదా గుడ్డు, అన్నం, క్యారెట్ కలిపి పెట్టొచ్చు, లేదా డాక్టరు చెప్పిన డ్రై ఫుడ్. రెండోది, ప్రేమ కొద్దీ మన ప్లేటులోది పెట్టడం. చాక్లెట్, ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషం లాంటివి. చక్కెర పొంగలిలో కిస్‌మిస్ ఉంటుందని నానమ్మలకు, అమ్మమ్మలకు గుర్తు చేయండి. ఉడికిన ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరం వచ్చిందని మనం వాడే మాత్రలు మాత్రం అస్సలు వేయకండి.

ఎండాకాలంలో ఏడు లోపే వాకింగ్ ముగించండి. మీ అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలుతాయి. వానలు పడ్డాక చెవుల వెనక, వేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో చూడండి. తిండి మానేసి డల్‌గా ఉంటే రెండు రోజులు చూద్దాం అనుకోకండి.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. కొన్నేళ్ల క్రితం నా క్లాసులో ఒక పాప మార్చి ఎండల్లో ఫుల్ స్లీవ్స్ స్వెటర్ వేసుకొచ్చింది. జ్వరమేమో అని దగ్గరికి పిలిచి చేయి పట్టుకుంటే ముడుచుకుపోయింది. ముంజేతి మీద పంటి గాట్లు, రెండు రోజులనాటివి. ఇంట్లో కుక్కే కరిచింది. అది తింటుంటే గిన్నె లాక్కుందట. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తారు మేడం" అంది. ఫోన్ చేస్తే వాళ్ల నాన్నగారు పరుగున వచ్చారు. కుక్క టీకా కార్డు చూస్తే రేబిస్ డోసు గడువు దాటి నెలలైంది. ఆ సాయంత్రమే పాపకు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, అన్ని డోసులూ అయ్యాయి. పాప బాగుంది, కుక్క కూడా వాళ్లింట్లోనే ఉంది. కానీ ఆ రెండు రోజులూ పాప ఒంటరిగా ఏమనుకుంటూ గడిపిందో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే బతకడం దాదాపు అసాధ్యం. కానీ సమయానికి టీకా వేయించుకుంటే రాకుండా ఆపొచ్చు. 1885 జులై 6న లూయీ పాశ్చర్ టీకా మొదట అందుకున్నది జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాబు. మన నాలుగో తరగతి వయసే. పెంపుడు కుక్కే కదా, చిన్న గీరుడే కదా అని వదిలేయకండి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం, పసరు ఏదీ రాయకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ టీకా ఉచితం. బొడ్డు చుట్టూ సూదులు వేసే రోజులు పోయాయి, ఇప్పుడు చేతికే వేస్తారు. పిల్లలు దాచడానికి ఈ పాత భయం కూడా ఒక కారణం. కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలవుతాయి, రేబిస్‌ది మూడో నెలలో, ఆ తర్వాత ఏటా. జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ కార్డును పిల్లల టీకా కార్డు పక్కనే పెట్టుకోండి.

కుక్కను తెచ్చిన రోజే పిల్లలతో ఒక మాట చెప్పండి: "కరిచినా గీరినా మాకు చెప్పు, నిన్ను తిట్టం, దాన్ని పంపించేయం." తర్వాత ఆ మాట మీద నిలబడండి. అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దని నేర్పండి. మొహం తిప్పుకోవడం, పెదవులు నాకడం, గుర్రుమనడం అంటే 'నన్ను వదిలెయ్' అని అర్థం. గుర్రుమన్నందుకు కొడితే, తర్వాతిసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

ఆ ముగ్గురు తల్లులకు ఆ రోజు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఒక వారం పాటు పొద్దున ఐదున్నరకు, సాయంత్రం ఆరుకు ఖాళీ తాడు చేతిలో పట్టుకుని అరగంట కాలనీ చుట్టూ తిరగండి, ఎవరెవరు లేస్తారో చూద్దాం అన్నాను. ఇద్దరు నవ్వి ఊరుకున్నారు. మూడో ఆవిడ మొన్న గేటు దగ్గర కలిశారు. బాబు మూడు రోజులు లేచి నాలుగో రోజు దుప్పటి కప్పుకున్నాడట. ఏడు రోజులూ తిరిగింది వాళ్ల తాతగారు. "పరీక్షలయ్యాక తెస్తాం మేడం, తాతయ్య పేరు మీద" అన్నారు.