పెద్దల నడకకు మాటే కొలమానం

ఆరోగ్యవంతులైన వృద్ధులు ఎంత వేగంతో వ్యాయామం చేయవచ్చో తెలుసుకునేందుకు 220 నుంచి వయసును తీసివేసి గరిష్ఠ గుండె వేగాన్ని లెక్కించడం పరిపాటి. ఆ లెక్కన 70 ఏళ్లవారికి నిమిషానికి 150 వస్తుంది. ఇది వృద్ధుల సామర్థ్యాన్ని తక్కువగా చూపుతోందని 2001లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. వారి సూత్రం ప్రకారం 159 వస్తుంది. ఇదీ సగటు అంకె మాత్రమే.

శ్రమ పెరిగేకొద్దీ ఒక దశలో శ్వాస ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. ప్రయోగశాలల్లో మాస్కు తగిలించి, ట్రెడ్‌మిల్‌పై నడిపిస్తూ ఈ పరిమితిని గుర్తిస్తారు. మాస్కు లేనివారికి మాటే కొలమానం. నడుస్తూ ఇబ్బంది లేకుండా మాట్లాడగలిగితే పరిమితికి లోబడి ఉన్నట్లే. మాట ఆగి ఆగి వస్తుంటే దాటినట్లు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారు నాడి లెక్కలపై ఆధారపడరాదు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుణ్ని సంప్రదించాలి.