రక్తపోటు – మనశ్శాంతి



"వానికి బీపీ ఉన్నది, అందుకే అంత కోపము" అను మాట మన కేతేపల్లి రచ్చకట్టపై తరచుగా వినబడును. శాంతస్వభావునికి ఆ జబ్బు రాదని దీని భావము. ఇది ఎంతవరకు నిజమో విచారింతము.

కోపము, భయము కలిగినపుడు రక్తపోటు పెరుగును. ఆవేశము అణగిన పిదప దిగిపోవును. ఇది సహజమే. విశ్రాంతిగా కూర్చుండగా, వేర్వేరు దినములలో కొలిచినను 140/90 గాని, అంతకు మించి గాని యున్నచో అది జబ్బు. దానికి తరచుగా ఏ లక్షణమును కనిపింపదు. కావున మనసు నెమ్మదిగా నున్నదన్న నమ్మకముతో పోటు లేదనుకొనరాదు.

ఇంకొక విశేషము కలదు. అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జేమ్స్ మెక్‌కబిన్ బృందము 2011లో ప్రకటించిన పరిశోధనలో, పోటు హెచ్చుగా నున్నవారు ఎదుటివారి ముఖములందలి కోపమును, భయమును, దుఃఖమును, సంతోషమును గుర్తించుటలో కొంత వెనుకబడిరని తేలినది. ఇల్లాలి కన్నీరు కనబడని నిదానమును మనము శాంతమని భ్రమింపవచ్చును. గీత రెండవ అధ్యాయము బోధించిన స్థితప్రజ్ఞతకును, ఈ మొద్దుబారుటకును ఎంతో భేదమున్నది.

పోటు ఏండ్ల తరబడి అదుపు తప్పినచో మెదడులోని సన్నని రక్తనాళములు చెడును. ఆలోచన మందగించును, చేయు పనిలో వరుస తప్పును, జ్ఞాపకము సన్నగిల్లును. దీనికి ఉపాయమున్నది. 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అధ్యయనమున, పై అంకెను 120 లోపునకు దించుటకు చికిత్స పొందినవారిలో, 140 లోపు లక్ష్యముగా గలవారికంటె స్వల్ప మతిక్షీణత తక్కువగా కనబడెను.

మూలికలు చాలునందురు కొందరు. సర్పగంధ వేరు పోటును తగ్గించునని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో లోకమునకు చాటెను. కాని దానినుండి తీసిన రిసర్పిన్ కొందరిని తీవ్ర విషాదములో ముంచినదని పిదప వైద్యులు గుర్తించిరి. వైద్యుని సలహా లేనిదే మూలికయును సేవింపరాదు.

జపధ్యానములు మనసునకు ఊరట. అవి మాత్రకు మారు కావు. ఉపవాసదినమున మాత్ర ఎట్లు వేసికొనవలెనో ముందుగానే వైద్యుని అడుగవలెను. తొక్కులలోని ఉప్పు తగ్గింపవలెను. ఇంటి పెద్ద చిరాకు పడినను, మౌనము వహించినను, స్వభావమని నిందింపక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొని పోయి పోటు చూపింపుడు. దేహమను దేవాలయమును కాపాడుకొనుటయు భగవత్సేవయే.