తేడా వస్తే... తూటా కాపాడదు!

చేతిలో రివాల్వర్. ఎదురుగా ఏడెనిమిది వందల కిలోల అడవిదున్న. మధ్యలో దూరం యాభై మీటర్లే. అమెరికాలో కొందరు వేటగాళ్లకు ఇదో సరదా. మరి ఆ సరదా ప్రాణం మీదికి రాకుండా ఉండాలంటే తుపాకీలో ఎలాంటి తూటా ఉండాలి?

మన దగ్గర 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట కథల్లోనే మిగిలింది. అమెరికాలో అలా కాదు. లైసెన్సు తీసుకుని వేటాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో కొద్దిమంది రైఫిల్ పక్కన పెట్టి, చేతి తుపాకీతో అలాస్కా ఎలుగుబంట్లనూ ఆఫ్రికా దున్నలనూ వేటాడటానికి వెళుతుంటారు. ఏ తూటా తీసుకెళ్లాలని అడిగితే, కొత్తవాళ్లు ఠక్కున చెప్పేమాట... 'ఉన్నవాటిలో పెద్దది!' అనుభవం ఉన్నవాళ్లు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోరు.

పెద్దవి ఇలా పుట్టాయి

ఇడాహో రాష్ట్రానికి చెందిన ఎల్మర్ కీత్ ఒకప్పటి కౌబాయ్. ఆ తర్వాత తుపాకుల మీద వ్యాసాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. పాత .44 స్పెషల్ తూటాల్లో మందు ఎక్కువ దట్టించి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. ఆ కృషి ఫలితమే 1955లో వచ్చిన .44 మ్యాగ్నమ్. 1971లో 'డర్టీ హ్యారీ' సినిమాతో దాని పేరు ప్రపంచమంతా మోగింది. 1950ల చివర్లోనే డిక్ కసుల్ అంతకన్నా బలమైన .454 కసుల్ రూపొందించాడు. 2003లో స్మిత్ అండ్ వెసన్ సంస్థ .500 మ్యాగ్నమ్ తెచ్చింది. అర అంగుళం లావు గుండు అది. దాన్ని పేల్చే రివాల్వర్ బరువు దాదాపు రెండు కిలోలు!

లోతే ముఖ్యం

.44 మ్యాగ్నమ్ శక్తి సుమారు 1,300 జౌళ్లు. .500ది 3,500 దాకా ఉంటుంది. అబ్బో అనిపిస్తుంది కదూ! కానీ ఆఫ్రికాలో దున్నల వేటకు వాడే .375 రైఫిల్ తూటా శక్తి 5,500 జౌళ్లకు పైమాటే. అది పుట్టింది 1912లో. అంటే, చేతి తుపాకీ ఎంత పెద్దదైనా రైఫిల్‌తో సమానం కాదు. రైఫిల్ గుండు వేగానికి చుట్టూ ఉన్న కండ కూడా ఛిద్రమవుతుంది. రివాల్వర్ గుండు తను వెళ్లిన దారినే రంధ్రం చేస్తుంది. ఆ రంధ్రం గుండెకో ఊపిరితిత్తులకో చేరాలి. అందుకే ఇక్కడ శక్తి కంటే గుండు తయారీ ముఖ్యం.

జింక వేటకు వాడే బోలుముక్కు గుండు తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది. దున్న భుజానికి అదే తగిలితే లోతుకు వెళ్లకుండానే ఆగిపోవచ్చు. కాబట్టి పెద్ద జంతువులకు తగరం, యాంటిమొని కలిపి గట్టిపరిచిన సీసం గుండ్లు, లేదా విచ్చుకోని రాగి గుండ్లు వాడతారు. ముక్కు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. ఎముకను దాటుకుని తిన్నగా లోపలికి వెళ్లేది ఇలాంటివే.

చెయ్యి ఓర్చుకోవాలి

ఇక అసలు చిక్కు... తన్ను. .500 పేలితే మణికట్టు అదిరిపోతుంది. రెండు మూడుసార్లు పేల్చాక చాలామందికి భయం పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కకముందే చెయ్యి వణుకుతుంది. గురి తప్పుతుంది. గాయపడిన దున్న పొదల్లో దూరిందంటే దానికి నరకం, వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు ప్రాణగండం. అందుకే మెల్లగా అలవాటు పడాలంటారు. .44 మ్యాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్, .454లో .45 కోల్ట్ తూటాలు పేల్చొచ్చు. తన్ను తక్కువ కాబట్టి సాధనకు బాగుంటాయి. వాటితో చెయ్యి కుదిరాకే అసలు తూటా.

భయపడుతూ పేల్చే .500 కన్నా, గురి తప్పకుండా పేల్చగలిగే .454 నయం. అయినా ఆఫ్రికాలో దున్న వేటకు వెళ్లినప్పుడు పక్కన పెద్ద రైఫిల్‌తో ఒక గైడ్ నిలబడే ఉంటాడు. జంతువు పక్కకు తిరిగి నిలబడాలి, దగ్గరగా ఉండాలి, అడ్డుగా కొమ్మ కూడా ఉండకూడదు. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా తుపాకీ దించేసి వెనక్కి రావడమే. అది చేతకానివాళ్లకు ఏ తూటా ఇచ్చినా ఒకటే!